దుమ్ముకు ఊరు అడిగిన మేడం

మా కెమిస్ట్రీ మేడం ఇక లేరని కబురు వచ్చినప్పుడు నేను కరీంనగర్‌లో ఆఫీసు డాబా మీద, గాలిలోని దుమ్మును పట్టే యంత్రానికి ఫిల్టర్ కాగితం మారుస్తున్నాను. ఫోను పెట్టేశాను. తీసిన కాగితాన్ని కవర్లో వేసి, పైన తేదీ, వేళ రాశాను. ఆ తర్వాతే నీళ్ల ట్యాంకు పక్కన కూలబడి ఏడ్చాను. ఇదేం మనిషి అని మీరనుకోవచ్చు. ఆ వరస నేర్పింది ఆమే. తప్పితే ఆమెకే కోపం వచ్చేది.

మాది శ్రీరాంపూర్ దగ్గర కార్మికుల వాడ. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో పనిచేసేవాడు. వాడను ఆనుకునే బొగ్గు లారీలు పైన ఏ కప్పూ లేకుండా పోయేవి. మా చెల్లెకు ఆయాసం. దుమ్ము లేచిన రోజు బడికి పోలేకపోయేది. టార్పాలిన్లు కప్పమని అడిగితే, అదంతా మీ పొయ్యిల మసి అని లారీల వాళ్లు కొట్టిపారేశారు. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. ల్యాబులో మేడంకు ఈ సంగతి చెప్పుకుని ఏడ్చాను.

"ఏడిస్తె దుమ్ము తడుస్తది గని పోదు," అన్నారామె. "దుమ్ముకు సుత ఊరు ఉంటది. అడుగుదాం పా."

అడగడమంటే, గాజు పలకలకు పలుచగా గ్రీజు పూసి పన్నెండు డాబాల మీద నెల రోజులు ఉంచడం, అంటుకున్నదాన్ని మైక్రోస్కోపు కింద చూడడం. నెల నిండిన ఆదివారం మేడం చర్చి నుంచి నేరుగా తెల్లచీరలోనే వచ్చారు. దుమ్ము పనికి ఎప్పుడూ తెల్లచీరే కట్టేవారు. దాని మీద పడ్డది దాగదట. మా అవ్వ, అంటే మా అమ్మ, గడప దగ్గరే ఎదురొచ్చింది. ఆమె చేతిలోని పళ్లెంలో పన్నెండు పలకలూ తళతళ మెరుస్తున్నాయి. మసి పట్టిన గాజు మేడం చేతికివ్వడం వాడకే నామర్దా అని, ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి సబ్బుతో కడిగేసింది!

"జర సూడుండ్రి మేడం, అద్దాల తీరుగ చేసిన."

నాకు తల తీసేసినట్టయింది. నెల రోజుల పని నీళ్లపాలు. మేడం ఒక పలక వెలుతురుకు పట్టి చూసి, నవ్వడం మొదలుపెట్టారు.

"మస్తు కడిగినవ్ అక్కా. ఇల్లు సుత రోజు గిట్లనే తుడుస్తవా?"

"తుడువక ఏం జేత్త? పొద్దుగాల తుడిస్తె పొద్దుమీకి మళ్ల నల్లగైతది."

మేడంను బస్టాపు దాకా సాగనంపాను. బస్సు కనిపించాక అన్నారు: "తుడిచే చేతులను మనం ఆపుతమా? ఆ చేతులకే పని చెప్దాం."

మరుసటి వారం తెల్లగుడ్డలు తెచ్చారు. ప్రతి డాబా మీద ఒకే కొలత స్టీలు పళ్లెం పెట్టించారు. వారానికొకసారి ఆ పళ్లేన్ని తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో వేయాలి. కవరు మీద ఇల్లు, తేదీ, వేళ నేను రాశాకే గుడ్డ పళ్లేనికి తగలాలి. మా అవ్వకు చదువు రాదు గానీ ఈ పద్ధతికి కాపలాదారు ఆమే అయింది. "రాసుకున్నవా బిడ్డా? తుడువాల్నా?" అని అడిగి, నేను ఊఁ అన్నాకే వాడలో ఎవరినైనా తుడవనిచ్చేది.

మేడం మెత్తని మనిషేమీ కాదు. ఒకసారి నేను తేదీ మరిచిన కవరును నా కళ్ల ముందే చెత్తబుట్టలో పడేశారు. "తేదీ లేకుంటె ఉట్టి చెత్త. తేదీ ఉంటె సాక్ష్యం." ఆ రోజు ఆమె మీద నాకు మండిపోయింది. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆమె పెట్టిన భిక్ష.

ఎండాకాలం గడిచాక గుడ్డలన్నీ మైక్రోస్కోపు కింద చూశాం. పొయ్యి మసి కొద్దిగానే ఉంది. బొగ్గు పొడి మాత్రం పదునైన అంచుల పెచ్చులుగా ఎటు చూసినా కనబడింది. నేను ఎగిరి గంతేశాను. కానీ వాటి నడుమ కాలిన ప్లాస్టిక్ ముక్కలూ ఉన్నాయి. అవి మా చెత్తకుప్పవి, నిప్పు పెట్టేది మేమే. నివేదికలో ఆ ఒక్క ముక్క రాయొద్దని మేడంను బతిమాలాను.

"లారీలోళ్లు దీన్నే పట్టుకుంటరు మేడం."

"పట్టుకోనీ. మనది దాస్తె, వాళ్లదని మనం చెప్పింది ఎవరు నమ్ముతరు?"

పంచాయితీకి అందరూ కూర్చున్న రోజు ఆమె మైక్రోస్కోపును బల్ల మీద పెట్టి, లారీల వాళ్లనూ వాడవాళ్లనూ ఒకే వరుసలో నిలబెట్టి చూపించారు. ముందు మా తప్పే చదివారు. ఇక చెత్త కాల్చబోమని మా అవ్వే లేచి ఒప్పుకుంది. ఆ తర్వాత లారీల వాళ్లూ తమ వంతు ఒప్పుకోక తప్పలేదు. నెల తిరక్కముందే లారీలకు టార్పాలిన్లు వచ్చాయి. ఆ చలికాలం మా చెల్లె బడి ఎక్కువ మానలేదు.

మొన్న మేడం ఇంట్లో ప్రార్థన కూడికకు అవ్వను వెంటబెట్టుకుని వెళ్లాను. వరండాలో బల్ల మీద ఫొటో పెట్టారు. అందులోనూ తెల్లచీరే. వీధి దుమ్ము అప్పుడే గాజు మీద సన్నగా పరుచుకుంది. అవ్వ అలవాటు కొద్దీ కొంగు పట్టుకుని తుడవబోయి, చేయి ఆపి, నా వైపు తిరిగింది.

"రాసుకున్నవా బిడ్డా? తుడువాల్నా?"

లేదన్నాను. సంచిలో కలం వెతికి, చేతిలో ఉన్న పాటల కాగితం వెనుక తేదీ, వేళ రాసేదాకా, అవ్వ కొంగును ఫొటోకు బెత్తెడు దూరంలో అట్లాగే పట్టుకుని నిలబడింది.