వరుసలో నిలబడని మనిషి

మా పెదనాన్న పోయిన శుక్రవారం మఠంపల్లిలో కన్నుమూశాడు. మా నాన్నకు సొంత అన్న. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ వరి, మిరప పండించి, మోకాళ్లు మొరాయించాక పొలం కౌలుకిచ్చాడు. ఆ తర్వాత కూడా రోజూ గట్టు మీదకు వెళ్లి కౌలుదారుకు తప్పులు పట్టేవాడు. పాపం, అతను విసుక్కోకుండా ముందే టీ తెప్పించి ఉంచేవాడు.

చర్చిలో ఆదివారం పూజకు అందరికంటే ముందు వచ్చేది ఆయనే. విత్తన వడ్లు గంపలో తెచ్చి ఫాదర్ గారి చేత ఆశీర్వదింపజేయకుండా నారు పోసేవాడు కాదు. అంత భక్తిపరుడూ ప్రభువు శరీరమంటూ ఫాదర్ గారు నోటికందించే సత్ప్రసాదపు అప్పం కోసం అందరూ వరుస కట్టినప్పుడు మాత్రం బల్ల మీంచి లేచేవాడు కాదు. కారణం ఊరంతటికీ తెలుసు. ఒక ఏడు కాలువ కట్టేస్తారనగా, ఆయన వంతుకు రావాల్సిన ఆఖరి తడిని మా నాన్న తన మడికి మళ్లించుకున్నాడు. మా పంట గట్టెక్కింది. పొట్ట మీదున్న ఆయన వరి ఎండిపోయింది. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

నాతో ఆయనకు ఏ పేచీ లేదు. మిర్యాలగూడ కాలేజీకి బస్సెక్కితే కిటికీలోంచి జామకాయలు ఒళ్లో పడేసేవాడు. ఆ చనువుతోనే ఒకసారి అడిగాను, సత్ప్రసాదం ఎందుకు తీసుకోవని.

“తమ్ముని మీద కోపం కడుపుల పెట్టుకొని ప్రభువును యాడ పెట్టుకోను బిడ్డా?”

అయితే ఆ కోపమే వదిలేయరాదా అంటే, పోతలేదు, నన్నేం చెయ్యమంటవ్ అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. మా నాన్న తక్కువేం తినలేదు. తప్పయిందనడానికి ఆయనకూ నోరు పెగల్లేదు. ఇద్దరి మీదా నాకు ఇప్పటికీ కోపమే.

శుక్రవారం పొద్దున పెదనాన్నకు ఆయాసం ఎక్కువైంది. ఫాదర్ గారు వచ్చి నుదుట నూనె పూసి, సత్ప్రసాదం ఇవ్వబోయారు. పెదనాన్న తల అడ్డంగా ఊపాడు.

“తమ్ముణ్ణి పిలువుండ్రి. మాట్లాడినంక తీసుకుంట.”

నాన్న సూర్యాపేట మార్కెట్లో ఉన్నాడు. నేను ఫోన్ చేయగానే వడ్లు అక్కడే వదిలేసి బయల్దేరాడు. దారి పొడవునా ఫోన్ చేస్తూనే ఉన్నాడు, తెలివిలో ఉన్నాడా, అడుగుతున్నాడా అని. ఫాదర్ గారు కూడా వెళ్లకుండా మంచం పక్కనే కూర్చున్నారు. నాన్న వాకిట్లోకి వచ్చేసరికి లోపల ఏడుపులు మొదలయ్యాయి.

ఆయన చెప్పులు కూడా విడవకుండా వెళ్లి మంచం దగ్గర కూలబడ్డాడు. అన్న చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“వచ్చిన అన్నా. తప్పు నాదే. ఇగ తీసుకో.”

సత్ప్రసాదం ఉన్న చిన్న డబ్బీని సంచిలో పెట్టబోతున్న ఫాదర్ గారు, నాన్న ముఖం చూసి, దాన్ని చేతిలోనే పట్టుకుని అలాగే నిలబడిపోయారు.