మా పెరట్లో బావి ఉండేది

జగ్గయ్యపేటలో ఆ పాత పెంకుటిల్లు చూడ్డానికి వెళ్లినరోజు నేనూ మా ఆవిడా దూలాలకు చెద పట్టిందా, గోడలు చెమ్మగిల్లాయా అని ఇల్లంతా కలియతిరుగుతున్నాం. అమ్మ కనిపించలేదు. వెతుక్కుంటూ పెరట్లోకి వెళితే బావి గట్టు పట్టుకుని లోపలికి వంగి చూస్తోంది.

"నీళ్లున్నాయిరా! పైకే ఉన్నాయి!" అంది సంబరంగా.

"మున్సిపాలిటీ పంపు కూడా ఉందిలే అమ్మా."

"పంపు అందరికీ ఉంటది. ఇది మనం కొంటే మనదే కదా?"

అప్పటికి నందిగామలో ఒక ఫ్లాటు దాదాపు ఖాయం చేసుకున్నాం. అమ్మ పట్టుబట్టి ఈ ఇల్లే కొనిపించింది. వత్సవాయి దగ్గరి పల్లెలో పుట్టి, అక్కడే కాపురం చేసి, మిరపకోతలకీ పత్తితీతలకీ కూలికెళ్లి నన్ను సోషల్ మాస్టారిని చేసిన మనిషి. ఆమె అదివరకెన్నడూ నన్ను ఏదీ అడగలేదు.

ఇల్లు అమ్మినవాళ్ల దేవుడి గదిలో గంట తగిలించే కొక్కెం ఇంకా అలాగే ఉంది. ఆ గదిని ఏం చెయ్యాలా అని మేం తర్జనభర్జన పడుతుంటే అమ్మ తన బైబిలూ కళ్లజోడూ తీసుకెళ్లి అక్కడ పెట్టేసింది. "దేవుడి గది దేవుడి గదే. మార్చేదేముంది?" అంది. వంటగట్టు ఎత్తు పెంచాం, విరిగిన పెంకులు మార్పించాం. అమ్మ మాత్రం బజారుకెళ్లి కొత్త గిలకా, చేంతాడూ, చేదా కొనుక్కొచ్చుకుంది.

పక్కింటావిడది అమ్మ వయసే. మేం దిగిన వారానికే గోడ మీంచి, "మీరేమిట్లండీ?" అని అడిగింది.

"చర్చికెళ్తామండి," అంది అమ్మ.

"ఆహా," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎండాకాలం వచ్చింది. పంపులు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు రావో తెలియదు. ఒక పొద్దున ఆవిడే బిందె పట్టుకుని మా పెరటి గుమ్మంలో నిలబడింది. "ఒక్క బిందె తోడుకోవచ్చాండీ?"

"మీరెందుకండీ, నేను పోస్తాగా. ఇట్టా పెట్టండి," అంటూ అమ్మ గబగబా చేద వేసింది. ఒక్క చుక్క కింద పడకుండా బిందెలోకి వంచింది. మర్నాటి నుంచి సందులో వాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు రావడం మొదలుపెట్టారు. ఎవర్నీ చేంతాడు ముట్టుకోనిచ్చేది కాదు. "ఉండండి, నేను పోస్తా!" ఇదే పాట. వానలు పడేనాటికి పక్కింటావిడ అమ్మని "వదినగారూ" అని పిలుస్తోంది.

ఒకరోజు మా బళ్లో పనిచేసే మాస్టారొకాయన ఇంటికొచ్చి ఇదంతా చూశాడు. "ఏంటి మాస్టారూ, అమ్మగారి చేత ఇంకా నీళ్లు తోడిస్తున్నారా?" అని నవ్వాడు. సరదాకే అన్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆయన గడప దాటగానే అమ్మ మీద పడ్డాను.

"ఊళ్లో చేసిన చాకిరీ చాల్లేదా? ఇక్కడ కూడా అందరికీ నీళ్లు మొయ్యాలా?"

"నాకేం కష్టంరా? బాగుంటది నాకు."

"ఏం బాగుంటుంది, నా మొహం!" అని విసురుగా లేచి వెళ్లిపోయాను. అడిగానే గానీ జవాబు కోసం ఆగలేదు.

తర్వాత చెవిటికల్లులో మా అక్కకు కాలు బెణికిందంటే అమ్మ పదిరోజులు అక్కడికి వెళ్లింది. కొత్తగా కొన్న కారు సందులో పెడుతున్నందుకు రోజూ ఎవరో ఒకరితో గొడవే. బావి పూడిస్తే కారు పెరట్లోనే పెట్టుకోవచ్చు. ఇదే అదను అనుకుని మేస్త్రీని పిలిచాను.

"అత్తయ్యగారిని ఒక్క మాట అడగండి," అంది మా ఆవిడ.

"అడిగేదేముంది? రేపు జారిపడితే ఎవరు చూస్తారు?"

"మంచి ఊట సార్, ఇంకోసారి ఆలోచించుకోండి," అన్నాడు మేస్త్రీ. నేను వింటేగా! ట్రాక్టర్ల మీద మట్టి తోలించి బావి పూడ్పించాను. పైన కాంక్రీటు వేయించి, పెరటి గోడ కొట్టించి గేటు పెట్టించాను.

అమ్మ తిరిగొచ్చి, చేతిలో సంచీ దించకుండానే పెరట్లోకి వెళ్లింది. కాంక్రీటు మీద తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "చేద ఏదిరా?" అని మాత్రం అడిగింది. పాత సామాన్లవాడికి వేశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా ఆవిడే చెప్పింది.

మర్నాడు పొద్దున టీ తాగుతూ అమ్మ తనంతట తనే మొదలుపెట్టింది.

"మా చిన్నప్పుడు ఊరి బావికాడ బిందె పెట్టుకుని దూరంగా నిలబడేదాన్ని. చేద ముట్టుకోకూడదు మేము. ఎవరికన్నా దయ పుడితే పోసేవాళ్లు. 'కాసిని పొయ్యండమ్మా, కాసిని పొయ్యండమ్మా' అని పొద్దెక్కేదాకా అడుగుతానే ఉండేదాన్ని. ఇక్కడ వాళ్లే వచ్చి నన్ను అడుగుతుంటే, నా చేత్తో నేను పోస్తుంటే..." అని ఆగిపోయింది. "పోన్లే, నీకేం తెలుసు."

తెలియకేం! అంటరానితనం పాఠం ఏటా చెబుతాను. బావి దగ్గర బిందెలతో నిలబెట్టిన మనుషుల గురించి పిల్లలు కళ్లు తిప్పకుండా వినేలా చెబుతాను. ఆ నిలబడ్డవాళ్లలో మా అమ్మ కూడా ఉందని ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మళ్లీ తవ్విస్తానమ్మా," అన్నాను. పూడ్చిన మట్టి, పైగా గోడ పక్కనే, తవ్వితే ఇల్లు కదులుతుందని మేస్త్రీ ఒప్పుకోలేదు. చివరికి ఈ వేసవిలో గేటు పక్కన బోరు వేయించి కుళాయి పెట్టించాను. నీళ్లు బాగానే పడ్డాయి. కుళాయి బిగించిన రోజే అమ్మ పక్కింటావిడను కేకేసింది. ఆవిడ బిందె తీసుకుని వచ్చింది. అమ్మ కొంగు నడుముకు దోపుకుని గబగబా ఎదురెళ్లింది.

"కుళాయే కదా వదినగారూ, మీకెందుకు శ్రమ? నేను పట్టుకుంటాలెండి," అంటూ ఆవిడే తిప్పుకుని, నింపుకుని, బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

అమ్మ కాసేపు కుళాయి దగ్గరే నిలబడింది. తర్వాత నడుముకు దోపిన కొంగు తీసి, తడే లేని చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసింది.