పెద్దమ్మ పల్లవి ఎత్తుకుంటే

ఆ రోజుల్లో ఆదివారం అంటే నాకు దేవుడికంటే ముందు కీబోర్డు గుర్తొచ్చేది. (దేవుడు ఏమీ అనుకోలేదు, మా పాస్టరయ్యే అనుకున్నాడు.) కోదాడలో డిగ్రీ చదువుతూ, ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్యతో మా రేకుల షెడ్డు చర్చిలో వాయించేవాణ్ణి. పల్లవికి ముందో బిట్టు, చరణాల మధ్య ఇంకో బిట్టు, చివర్లో నెమ్మదిగా దిగివచ్చి ఆగే ముగింపు, అన్నీ ఇంట్లో కూర్చుని తయారు చేసుకునేవాణ్ణి. ఆ ముగింపుని మా చర్చిలో ఏనాడూ ఎవరూ వినలేదు. కారణం మా పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే మా అమ్మకి సొంత అక్క. నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకి పెద్ద. ఈ గట్టు మీద నిలబడి పిలిస్తే ఆ గట్టు మీదివాళ్లు పలకాలి. ఆదివారం చర్చికీ అదే గొంతు తెచ్చేది. మాలో ఒక అలవాటుంది: పాట అయిపోయాక కూడా ఎవరికైనా మనసు పొంగితే పల్లవి మళ్లీ ఎత్తుకోవచ్చు, మిగతావాళ్లంతా అందుకోవాల్సిందే. ఆ 'ఎవరికైనా' ప్రతివారం మా పెద్దమ్మే. నేను ముగింపులోకి దిగి కీబోర్డు ఆఖరి మెట్టు మీద వేలు పెట్టేసరికి ఆడవాళ్ల చాపల వైపు నుంచి పల్లవి లేచేది. అదీ నా శ్రుతిలో కాదు, ఆమె సొంత శ్రుతిలో. నేను బటన్లు నొక్కుకుంటూ దాన్ని పట్టుకునేలోగా ఆమె మరో శ్రుతిలోకి వెళ్లిపోయేది. ఇక ఆమె చప్పట్లకీ నా తాళానికీ చుట్టరికమే లేదు. "జర నా లెక్కకు పాడరాదే పెద్దమ్మా" అని బతిమాలితే, "నీ డబ్బా లెక్కకు నేను పాడాల్నారా? గొంతు దేవుడిచ్చిండా, నీ బటన్లు ఇచ్చినయా?" అనేది.

అలాంటి సమయంలో, సూర్యాపేటలో పెద్ద సభలు జరుగుతాయనీ, కీబోర్డు వాయించే కుర్రాణ్ణి వెతుక్కుంటూ మిర్యాలగూడ నుంచి ఒక అయ్యగారు మా ఆరాధనకి వస్తున్నారనీ తెలిసింది. స్టేజీ, లైట్లు, పెద్ద పెద్ద సౌండు బాక్సులు! నాకు అన్నం సహించలేదు. శనివారం పొద్దున్నే పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"రేపొక్కరోజు పాట అయిపోతే అయిపోనియ్యే. నీ కాళ్లు మొక్కుత."

"అయ్యో కొడుకా, నీకంటే ఎక్కువనా? కొంగు నోట్లె కుక్కుకొని కూసుంట, సాలునా?"

(ఒట్టు మాత్రం వేయలేదు. ఒట్టు పెట్టుకోకూడదని బైబిలు వాక్యంలో ఉందట. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.)

మర్నాడు అన్నీ నేననుకున్నట్టే నడిచాయి. అయ్యగారు ముందు కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నారు. పెద్దమ్మ నిజంగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చరణాలన్నీ అయ్యాయి. నేను ముగింపులోకి దిగాను, ఆఖరి మెట్టు దాకా వచ్చాను. కొంగు జారింది. పల్లవి లేచింది. చర్చి మొత్తం అందుకుంది. పళ్లు నూరుకుంటూ ఆమె శ్రుతి కోసం వెతుకుతుంటే పైన ఫ్యాన్లు ఆగిపోయాయి. కరెంటు పోయింది, కీబోర్డు చచ్చింది. పెద్దమ్మకి ఆ సంగతే పట్టలేదు. ఒకసారి అయ్యాక ఇంకోసారి, అది అయ్యాక ఇంకా గట్టిగా ఇంకోసారి. రేకులు అదిరిపోయాయి. చివరికి ఆమెకే తృప్తి కలిగి, "స్తోత్రం" అని చెమట తుడుచుకుంటూ కూర్చుంది. నా సూర్యాపేట ఖతం అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ప్రార్థన అయ్యాక అయ్యగారు నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ, సూర్యాపేటకు వస్తవా?" అన్నారు. నాకు సంతోషం బదులు ఒళ్లు మండింది.

"నేను వాయించింది మీరేం విన్నరు అయ్యగారూ? నడుమల కరెంటే పాయె కదా!"

"నాకు తెల్వదా? అంగీ అంతా తడిసిపాయె" అని నవ్వారు. "కరెంటు పోయినా నీ చేతులు ఆగలే. సప్పుడు రాని మెట్ల మీద వాయించుకుంట, నోరంతా తెరిచి మీ పెద్దమ్మ కంటే గట్టిగ పాడినవ్. నేను సూసిన."

నేను పాడానా? నాకు తెలియనే తెలియదు. పెద్దమ్మ మాత్రం ఇదేం వింతా అన్నట్టు చూసింది. "మా రక్తమే గదయ్యా" అంది. ఆయన ఆమె వైపు తిరిగి, "అమ్మా, నువ్వు గూడ రావాలె" అన్నారు. ఇక చెప్పేదేముంది? సూర్యాపేటలో స్టేజీ ఉంది, జనరేటరు ఉంది, ముందు వరుసలో పెద్దమ్మ ఉంది. నా ముగింపు అక్కడా ఎవరికీ వినబడలేదు.

సభలయ్యాక ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, బస్సులో కిటికీ వైపు తిరిగి, కోదాడ దాకా మూతి ముడుచుకునే కూర్చున్నాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం బెంగ కూడా వేస్తుంది. అంత ఒళ్లు మరిచి ఆ తర్వాత నేనెప్పుడూ పాడలేదు. ఉలుకూ పలుకూ లేని కీబోర్డు మీద చేతులాడిస్తూ గొంతు చించుకుంటున్న ఆ కాసేపు వాడి మొహం ఎలా ఉందో ఒక్కసారి చూడాలనిపిస్తుంది. ఆ రోజు దాన్ని చర్చి మొత్తం చూసింది, నేను తప్ప.