మేకుకు వేలాడే గార్డు

ఇవాళ పొద్దున అమీర్‌పేట సందులో నడుస్తుంటే ప్లైవుడ్ కాలిన వాసన వచ్చింది. వెనకే రంపం కూత. ఏదో హాస్టల్‌కు కొత్త గదులు చేస్తున్నారు. ఆ వాసన తగిలితే నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. గోడ పక్కన బల్ల, దాని మధ్యలోంచి పైకి లేచి తిరుగుతున్న బ్లేడు. బ్లేడును కప్పి ఉండాల్సిన గార్డు మాత్రం మేకుకు వేలాడుతోంది. దాని మీద పోయిన దసరా నాటి కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. అది చూడగానే సిస్టరమ్మ గుర్తొచ్చారు.

ఆమె పేరు గ్రేస్. గుంటూరు వైపు మనిషి. తెగిన వేళ్లు, నలిగిన చేతులు వచ్చే వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. బల్కంపేటలో ఆమె ఇంట్లోనూ, మరో రెండిళ్లలోనూ నేను వంట చేసేదాన్ని. నాకు చదువు లేదు. ఉన్నదల్లా పది వేళ్లు. రిటైరయ్యాక ఆమె పెరటి వసారాలో వడ్రంగం మొదలుపెట్టారు. ఎవరైనా నవ్వితే, "ఇన్నేళ్లూ వడ్రంగుల చేతులే చూశాను. వాళ్ల పనేంటో చూడొద్దూ?" అనేవారు. చెక్కకు రెండో కొస నేను పట్టుకునేదాన్ని. అలా ముందు టేపు మీది అంకెలు వచ్చాయి. తర్వాత, చెక్క మీద ఆమె సుద్దముక్కతో రాసిన అక్షరాలు వచ్చాయి. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు.

చేతి రంపంతో ఇద్దరి భుజాలూ పడిపోయాక టేబుల్ సా, అంటే కరెంటుతో తిరిగే బల్లరంపం, కొందామన్నారు. పంజాగుట్టలో మిషన్ల దుకాణానికి నన్నూ తీసుకెళ్లారు. దుకాణదారు ముందుగా చవకది చూపించాడు. చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపాన్నే తిరగేసి ప్లైవుడ్ బల్ల కింద బిగించారు, అంతే.

"రెండు చేతులూ చెక్క మీదుంటే దీన్ని ఎలా ఆపాలి బాబూ?" అని అడిగారు సిస్టరమ్మ.

"ఏముందమ్మా, ప్లగ్ పీకుడే."

"దేంతో పీకాలి? మూడో చెయ్యి కూడా మీరే అమ్ముతారా?"

అతనికి నవ్వొచ్చింది. గార్డు ఏదని అడిగితే గోడ చూపించాడు. "గా మేకుకుంది. పనికి అడ్డమొస్తదమ్మా. దసరాకు దించి, కడిగి, మిషన్‌తోపాటు దానికి సుత బొట్టు పెడ్తం."

సిస్టరమ్మ ఎగతాళి చేయలేదు. దగ్గరికెళ్లి ఆ బొట్టును చాలాసేపు చూశారు.

తర్వాత చూపించిన మిషన్ ఖరీదు దానికి మూడింతలు. బ్లేడు వెనక సన్నటి ఇనుప రెక్క, దానికే బిగించిన అద్దంలాంటి గార్డు, మోకాలితో నొక్కితే ఆగిపోయే పెద్ద ఎర్ర బటన్. రెక్క ఎందుకని ఆమె అడిగారు. కోసిన సందు మూసుకుని బ్లేడును పట్టుకోకుండా అట. పట్టుకుంటే చెక్క మన మీదికే ఎగిరొస్తుందట.

"ఇంట్ల పనికి గింత పెట్టుడెందుకమ్మా?" అన్నాడు దుకాణదారు.

"ఇంట్లో కోస్తే వేలు తెగదా?"

ఆ డబ్బు ఆమె టేకు చెక్క కోసం దాచుకున్నది. భోజనాల బల్ల తన చేత్తో చేసుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నారు. "మరి టేకు ఎట్ల, సిస్టరమ్మా?" అని చెవిలో అడిగాను.

"కింద కూర్చుని తిందాం. నా కళ్లు మసకలు. ఆ మిషన్ దగ్గర నిలబడేది నువ్వే కదా."

నా వేళ్లకు అంత ఖరీదుంటుందని అంతవరకూ ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఆ ఏడాదంతా ప్యాకింగ్ పెట్టెల చెక్కతోనే పీటలు చేశాం. ఒక మధ్యాహ్నం ఆమె చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లారు. నేను ఒక్కదాన్నే చెక్క కోయబోయాను. గార్డు లోంచి పెన్సిలు గీత కనబడలేదు. మరలు తిప్పి గార్డు తీసేశాను. దాంతోపాటు రెక్కా ఊడొచ్చింది. రెండింటినీ మేకుకు తగిలించాను. ఆ దుకాణంలో అంతా విని, చూసొచ్చిన మనిషినే నేను!

సగం కోశాక చెక్క బిగుసుకుంది. బ్లేడు కీచుమంది. ముక్క నా నడుము పక్కనుంచి దూసుకుపోయి స్టీలు బిందెకు కొట్టుకుంది. నా మోకాలు ఎప్పుడు ఎర్ర బటన్ నొక్కిందో నాకే తెలియదు. అంతా ఆగాక వేళ్లు లెక్కపెట్టాను. పది. మళ్లీ లెక్కపెట్టాను.

సిస్టరమ్మ వచ్చి సొట్టపోయిన బిందెను చూశారు. మేకును చూశారు. ఇక మిషన్ ముట్టనివ్వరు, అక్షరాలు కూడా ఇంతటితో సరి అనుకున్నాను.

"వేళ్లు చూపించు." ఒక్కొక్కటే మడిచి చూసి వదిలారు. "గార్డు ఎందుకు తీశావు?"

"తప్పయింది సిస్టరమ్మా."

"తప్పు సంగతి తర్వాత. ఎందుకు తీశావో చెప్పు. నాకు నిజంగానే తెలియదే. వార్డుకొచ్చిన వాళ్లను తిట్టాం గానీ, ఈ మాట ఒక్కళ్లనీ అడగలేదు."

"గీత కనవడలే."

ఆమె చటుక్కున కళ్లజోడు పెట్టుకుని వంగి, గార్డు లోంచి చూశారు. "అవునే! నాకూ కనబడట్లేదు." తడిగుడ్డతో తుడిచాం. పొట్టు పోయింది గానీ గీతలు పడ్డ ప్లాస్టిక్కు ఇంకా మసకే. సాయంత్రం దాకా అదే పని. చివరికి బ్లేడు కోసే దారికి తిన్నగా, గార్డుకు ఇవతల, బల్ల మీద ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీశారు. చెక్క మీది గీతను దాంతో కలిపి, చెక్క అంచును బ్లేడుకు పక్కగా బల్లకు బిగించిన కడ్డీకి ఆనించి తోస్తే చాలు. బ్లేడు దగ్గర చూడాల్సిన పనే లేదు. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

రెండో ఏడు టేకు వచ్చింది. బల్ల తయారైంది. దాని మీద ఆమె నాలుగేళ్లు భోంచేశారు. ఇప్పుడు ఆమె లేరు. మిషన్ నా దగ్గరుంది, పీటలు చేసి అమ్ముతాను.

ఇవాళ ఆ వడ్రంగి దగ్గరికి వెళ్లి, "అన్నా, జర ఆపు" అన్నాను. చప్పుడు ఎక్కువైందని తగువుకొచ్చాననుకున్నాడు.

"గార్డు ఎందుకు తీసినవ్?"

"నువ్వెవలమ్మా, ఆఫీసరువా?"

"కాదన్నా. నాకు సుత అడ్డమొచ్చింది ఒకపారి. అందుకే అడుగుతున్న."

అతను మేకు వైపు చూశాడు. నా వేళ్ల వైపూ చూశాడు. "గీత కనవడది" అన్నాడు మెల్లగా.

నా సంచిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉంటుంది. "ప్లగ్ పీకు, చూపిస్త" అని, అతను పీకిందాకా అక్కడే గట్టు మీద కూర్చున్నాను.