మావయ్య మజ్జిగలో మందు

కొత్త కోడలు మామగారికి మందు పెట్టిందని విజయనగరం రైల్వే ప్లాట్‌ఫారం మీద ఎవరైనా గొంతెత్తి అరిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు. ఆ కోడల్ని నేనే.

అప్పటికి నాకు పెళ్ళై ఏడాది కూడా నిండలేదు. చేతిలో ఫార్మసీ డిగ్రీ, నెత్తిన దానికి రెట్టింపు పొగరు. మావయ్య వయొలిన్ మాస్టారు. తరతరాలుగా గుళ్ళో పాటసేవ చేసిన కుటుంబం. కోడిగుడ్డయినా ముట్టరు. కడుపులో మంటకని ఏళ్ళ తరబడి పొద్దున్నే ఒక మాత్ర మాత్రం మింగేవారు.

ఒక సాయంత్రం పిల్లలకు కీర్తన చెబుతూ చరణం మధ్యలో ఆగిపోయారు. ఎన్నేళ్ళుగానో నేర్పుతున్న చరణమే. తర్వాతి మాట రాలేదు. ఓ పిల్ల అందించింది. "సెబాస్! నీకు పరీక్షెట్టేను" అని నవ్వేశారు. పిల్లలు వెళ్ళాక మాత్రం వయొలిన్ పెట్టె మూసి, దాని మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నారు.

మర్నాడు మొదలుపెట్టాను. "మావయ్యా, రక్తపరీక్ష చేయిద్దాం. బీ విటమిన్లు తగ్గితే రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది. అది పెరిగిన పెద్దవాళ్ళలో మతిమరుపు ఎక్కువగా కనిపిస్తుందట."

"హోమాలేటమ్మా? మాది పాటసేవ. హోమాలు పంతులుగారు సేస్తారు."

"హోమం కాదు మావయ్యా, హోమోసిస్టీన్!"

"ఏదైతేనేటి, నాకేటీ అవలేదు. పరీక్షా వద్దు, సూదీ వద్దు."

ఆ 'వద్దు'లో ఉన్నది మొండితనం కాదు, భయం. అది కనిపెట్టే చదువు నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. బీకాంప్లెక్స్ మాత్రలు తెచ్చి, మెత్తగా నూరి, రోజూ ఆయన మజ్జిగలో కలపడం మొదలుపెట్టాను. అల్లం, కరివేపాకు, ఇంగువ ఎన్ని వేసినా ఆ వాసన దాగలేదు.

"మజ్జిగేటమ్మా, మందులకొట్టు వాసనొస్తంది?"

"కొత్త ఇంగువ మావయ్యా."

ఆ మాత్రలు వేసుకుంటే మూత్రం పసుపు కలిపినట్టు వస్తుంది. హానేమీ లేదు. ఆ సంగతి నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. మా ఇంట్లో జరిగినప్పుడు మాత్రం తట్టనే లేదు!

మావయ్య పెరట్లోంచి పాలిపోయిన ముఖంతో వచ్చి అత్తయ్య చెవిలో ఏదో అన్నారు.

"ఓలమ్మో! పచ్చకామెర్లు!" అని అత్తయ్య కూలబడింది.

పథ్యం మొదలైంది. నూనె లేదు, పులుపు లేదు. చలవ చేస్తుందని పూటపూటకీ మజ్జిగ. ఏమీ తినని మనిషికి బలం కావాలి కదా అని నేను ప్రతి గ్లాసులోనూ మాత్ర వేశాను. మజ్జిగ పెరిగేకొద్దీ పచ్చదనం, పచ్చదనం పెరిగేకొద్దీ మజ్జిగ! చివరికి ఆమదాలవలస దగ్గర ఎవరో పసరు మందు ఇస్తారని తెలిసి అందరం స్టేషన్‌కి బయల్దేరాం.

ప్లాట్‌ఫారం మీద మా ఆయన మావయ్య ముఖంలోకి పరీక్షగా చూశాడు. "ఏటి నాన్నా, కామెర్లంటే కళ్ళు పచ్చబడాలి కదా? నీకు తెల్లగానే ఉన్నాయి!"

అప్పుడు వెలిగింది నాకు దీపం.

"మావయ్యా, రైలెక్కొద్దు. అవి కామెర్లు కాదు. నేనే మజ్జిగలో మందు..."

అత్తయ్య నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. "ఓలమ్మో! కోడలు మందెట్టీసినాది!"

సమోసాలమ్మే అతను బుట్ట దించేశాడు. జనం మూగారు. దొంగకు తేలు కుడితే నోరు మూసుకుంటాడంటారు. నా నెత్తిన తేళ్ళబుట్టే బోర్లాపడింది.

"అరవకే" అన్నారు మావయ్య. "ఏ మందమ్మా?"

"బీకాంప్లెక్స్."

"దేనికి?"

"ఆ రోజు... చరణం దగ్గర ఆగిపోయారు కదా. అందుకు."

రైలు వచ్చి వెళ్ళిపోయింది. "పదండి, డాక్టరు దగ్గరికే ఎల్దాం" అన్నారు మావయ్య.

డాక్టరు మొదట నాకు చీవాట్లు పెట్టారు. "పరీక్షకి ముందే మాత్రలు పోసేస్తే ఒంట్లో ఏం తగ్గిందో ఎలా తేలుతుందమ్మా?" అయినా రక్తంలో బీ12 తక్కువే వచ్చింది, హోమోసిస్టీన్ ఎక్కువే వచ్చింది. మాంసం, గుడ్డు లేని తిండితోపాటు ఆ కడుపుమంట మాత్ర కూడా కారణం కావచ్చన్నారు. "తగ్గిన బీ12ని సూదులతో నింపుదాం. దానివల్ల వచ్చిన మరుపైతే కొంత పోవచ్చు. వయసుతో వచ్చే మరుపు ఈ సూదులతో ఆగుతుందని మాత్రం మాటివ్వలేను."

సూదులు పడ్డాక, ఆయన ఎవరికీ చెప్పకుండా దాచుకున్న కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి. కొన్ని చరణాలు తిరిగొచ్చాయి. కొన్ని రాలేదు. రానిచోట ఇప్పుడు దాచకుండా పిల్లల్నే అడుగుతారు.

ఒకరోజు పాఠం అయ్యాక నన్ను పిలిచారు. "మర్సిపోతన్నానని నాకు తెలుసమ్మా. నీకూ తెలుసని ఎరిగుంటే అంత బయమేసేది కాదు."

ఆయన నా ముఖం చూసి మీసాల్లో నవ్వారు. "మరుపు నాది, మందు నీది. బాగానే ఉన్నాది. మరి నాకు సెప్పడం నువ్వెలా మర్సిపోయేవు?"

ఆ క్షణాన పైడితల్లి అమ్మవారి సాక్షిగా శపథం చేశాను: ఇక ఎవరి గ్లాసులోనూ వాళ్ళని అడక్కుండా చిటికెడు ఉప్పయినా వెయ్యను. మా ఇంటికొచ్చినప్పుడు మజ్జిగ చప్పగా ఉంటే ఏమీ అనుకోకండి. నోరు తెరిచి అడగండి.