పసుపునీళ్ళలో మునిగిన నా పెళ్ళి

నేను చేసిన పొరపాట్లన్నీ అచ్చువేస్తే ఆదివారం అనుబంధం నిండిపోయి, ఇంకా కొంత మిగులుతుంది. వాటిలో మొదటి పేజీలో వేయదగ్గ వార్త మాత్రం ఒక్కటే, నా పెళ్ళి. పెళ్ళే పొరపాటని తొందరపడి అనుకోకండి. పెళ్ళికూతురు బంగారం. చిక్కంతా పెళ్ళికొడుకుతోనే వచ్చింది. ఒకే ఒక్క పొద్దుటి పూట, ఎవరి సాయమూ లేకుండా, తన పెళ్ళిని చావుగా మార్చుకున్న మనిషిని మీరు ఇంతవరకూ చూసి ఉండరు. అతని మాట కొంచెం వినండి.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తరోజులు. నాకు ఇరవై నాలుగేళ్ళు. హైదరాబాదులో ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆ పని చేసేవాళ్ళకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎర్ర పెన్సిలు పక్కన పెట్టినా కళ్ళు తప్పుల కోసం వెతుకుతూనే ఉంటాయి. చాయ్ తాగడానికి పోయి హోటలు గోడమీది బోర్డు దిద్దేవాణ్ణి. అట్లాంటి రోజుల్లో సికింద్రాబాదులో ఒక పెద్దింటి క్రైస్తవ పెళ్ళి చూశాను. పెళ్ళికూతురు తెల్లని బట్టల్లో మబ్బుతునకలా నడిచి వచ్చింది. పసుపు లేదు, డప్పు లేదు, అరుపులు లేవు. పియానో ఒక్కటి మర్యాదగా దగ్గినట్టు మోగింది. విశ్వాసుల పెళ్ళంటే ఇదీ అనుకున్నాను. మా ఊరి పెళ్ళిళ్ళు గుర్తొచ్చి నాకు తలకొట్టేసినట్టయింది.

మా ఊరు లక్సెట్టిపేట దగ్గర, గోదావరి ఒడ్డున. మా చర్చిలో పెళ్ళంటే ముందురోజు నలుగు, ఒళ్ళంతా పసుపు, నుదుట బాసికం, మా మేనమామ లచ్చయ్య డప్పు, అయ్యగారి ప్రార్థన, ఆపైన తలంబ్రాలు. పాస్టరుగారిని మేము అయ్యగారనే పిలిచేవాళ్ళం. వీటిలో ప్రార్థన ఒక్కటే దేవుడిదని, తక్కినవన్నీ అచ్చుతప్పులని నేను తేల్చేశాను.

పెద్దపల్లిలో బడిపంతులు కూతురు రూతుతో నాకు సంబంధం కుదిరింది. సెలవు పెట్టి ఊరికి వచ్చి, క్రైస్తవ పెళ్ళిలో ఉండకూడని పదకొండింటి పేర్లు కాగితం మీద రాసి, ఒక్కోదాన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, చర్చి తలుపుకు అంటించాను. అయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదివారు.

"గిదేంది కొడుకా, పసుపు గూడ కొట్టేసినవ్?"

"అది లోకాచారం అయ్యగారూ."

"పసుపుకొమ్ము చేసినోడెవడు?"

"దేవుడే."

"ఆయనకు లేని ఫికర్ నీకెందుకు?"

"విగ్రహాలకు కూడా పూస్తారు కదండీ!"

"పూస్తరు. కొబ్బరికాయ గూడ కొడ్తరు. మరి నిన్న మా ఇంట్ల కొబ్బరి పచ్చడి రెండుసార్లు ఎట్ల ఏయించుకున్నవ్?"

నేను పచ్చడి సంగతి దాటవేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏది ఇడ్శిపెట్టాలె, ఏది ఉంచుకోవాలె అని ముప్పై ఏండ్ల సంది మోకాళ్ళ మీద అడుగుతున్న కొడుకా. కొన్ని ఇడ్శినం. కొన్ని కడిగి ఉంచుకున్నం. నీకు గంత జల్ది ఎట్ల తెల్శింది?"

"సికింద్రాబాదులో చూశానండీ," అన్నాను. ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని ఈసారి నన్ను చదివారు. ఆ చూపు కూడా ఒక ప్రసంగమేనని అప్పటికి నాకు తెలియదు.

మామ మాత్రం నోటితోనే అన్నాడు. "డప్పు వద్దా? నిన్ను కన్న మీ అవ్వ పెండ్లికి కొట్టిన. నీకు బాప్తిస్మమిచ్చిననాడు కొట్టిన."

"ఇది వేరే రకం పెళ్ళి మామా. చప్పుడు లేకుండా జరుగుతుంది."

"సప్పుడు లేకుంట అయ్యేది పెండ్లెట్లయితది అల్లుడా? దొంగతనమైతది."

పెళ్ళిచీర పెట్టాల్సింది మావాళ్ళే కాబట్టి, అంచు కూడా తెల్లగా ఉండే చీర నేయమని మగ్గాల వాడలో నర్సయ్యకు చెప్పాను. ఆయన మగ్గం ఆపి, "ఎవలు వోయిండ్రు బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. దేవుడు నన్ను అక్కడే హెచ్చరించాడు. నేను నర్సయ్య అజ్ఞానానికి జాలిపడి వచ్చేశాను.

పెళ్ళికి ముందు రూతు నాతో మాట్లాడింది ఒకే ఒక్కసారి. పెద్దపల్లిలో వాళ్ళ ఇంటి అరుగు మీద చాయ్ ఇచ్చి, పెద్దలు లోపలికి పోగానే అంది. "ఒక్కటి అడుగుతా, ఏమనుకోకుండ్రి. తెల్లచీరె కడతా. డప్పు వద్దంటే వద్దు. పసుపొక్కటి ఉండనీయరాదుండ్రి? మా అమ్మమ్మ తన చేతులతోని పూస్తనని నా చిన్నప్పటి సంది ఆశ వెట్టుకున్నది."

అయ్యా, అమ్మా, నేను పదిహేను నిమిషాలు ప్రసంగించాను. రూతు కాలి బొటనవేలు చూసుకుంటూ అంతా వింది. "చాయ్ సల్లారింది. వేడి చేసుకొస్త," అని గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. నా జీవితంలో ఏ పదిహేను నిమిషాలైనా తిరిగి ఇస్తామంటే నేను వాటినే అడుగుతాను. ఆ అరుగు, ఆ చాయ్, తల వంచుకున్న ఆ అమ్మాయి. "సరే" అనే ఒక్క మాట చాలేది. మిగిలిన పద్నాలుగున్నర నిమిషాలూ ఆమె గొంతు వినేవాణ్ణి.

వాళ్ళ అమ్మమ్మ ఎల్లవ్వను కూడా ఆ రోజే చూశాను. గోడవార తెల్లచీరలో కూర్చుని ఉంది. అక్షరం కింద ఒత్తు తప్పినా పట్టుకునే నా కళ్ళకు ఆ తెల్లచీర కనిపించనే లేదు.

పెళ్ళి ఎండాకాలంలో. పెళ్ళికూతురు తరఫువాళ్ళు ముందురోజే ఎడ్లబండ్ల మీద గోదావరి ఇసుక దాటి వచ్చి, చర్చి పక్కన బడిలో దిగారు. పొద్దున నేను అరువు తెచ్చిన ఉన్ని కోటు తొడుక్కుని, కుమ్మరి ఆవంలో కుండలాగా కాలుతూ పీఠం ముందు నిలబడ్డాను. హార్మోనియం మీద ఒకే పాట నాలుగోసారి మోగుతోంది. పెళ్ళికూతురు రాలేదు. బడిలోంచి గుండెలవిసే ఏడుపు వచ్చింది.

లోపల జరిగింది ఇది. తెల్లచీర కట్టుకుని నిలబడ్డ మనుమరాలిని ఎల్లవ్వ చూసింది. చూసి, గడపకు అడ్డంగా కూలబడింది. "గిది నా బట్టనే! నలబై ఏండ్ల సంది నేను మోస్తున్న బట్ట! నా బిడ్డకు పెండ్లినాడే కట్టవెడ్తరా? నేను బతికుండంగ గిది గడప దాటది!" అని రాగం తీసి ఏడ్చింది. ఆడవాళ్ళంతా అందుకున్నారు.

మా మామ అప్పుడు రోడ్డు పక్క ఖాసిం భాయి చాయ్ హోటల్లో అలిగి కూర్చుని ఉన్నాడు. పిలవకపోయినా అలవాటు కొద్దీ డప్పు తెచ్చుకున్నాడు. ఏడుపు విన్నాడు. బడి కిటికీలో తెల్లబట్ట చూశాడు. అలక వేరు, బాధ్యత వేరు. పొయ్యి మీద డప్పు వేడి చేసుకుని, కన్నీళ్ళు తుడుచుకుంటూ, చావు దరువు ఎత్తుకున్నాడు.

నేను చర్చిలోంచి పరుగెత్తుకొచ్చాను. ఖాసిం భాయి ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సబర్ జెయ్యి తమ్మీ. ఎవలు వోయిండ్రు?"

"ఎవరూ పోలేదు భాయ్! నేను పెళ్ళికొడుకుని!"

"అరె పాపం! పెండ్లిపిల్లనే వోయిందా?"

ఆయన్ని విదిలించుకుని మామ మీద పడ్డాను. "మామా, ఆపు! ఇది పెళ్ళి!"

"పెండ్లయితే నన్ను పిలుస్తుంటివి గద అల్లుడా. పిలువలే గన్క సావే అనుకున్న."

ఈ జవాబులో తప్పు దిద్దగలిగిన ప్రూఫ్‌రీడరు ఉంటే నాకు చూపించండి.

బడి గడప దగ్గరికి పోయాను. ఎల్లవ్వ ముందు కూర్చుని, గొంతు సవరించుకున్నాను. "అవ్వా, తెలుపంటే పరిశుద్ధత. అందుకని..."

ఆమె ఏడుపు ఆపి నన్ను పరీక్షగా చూసింది. "గట్లనా? మరి నన్నెవ్వలు గట్ల అనలే బిడ్డా. నేను ఎదురొస్తే ఎనుకకు మల్లిపోయిండ్రు."

నా దగ్గర పదిహేను నిమిషాల ప్రసంగం ఉంది. దాన్ని అక్కడే మడిచేసి లేచాను. అంతమంది ముందు, ఉన్ని కోటులో, పెళ్ళి ఆగిపోయిన పెళ్ళికొడుకును. లోపల రూతు "ఈ మనిషి నాకు వద్దు" అంటే నేను కాదనగలిగింది ఏమీ లేదు. నిజానికి అంటుందనే నిలబడ్డాను.

లోపలి నుంచి రూతు గొంతు వినిపించింది. "అమ్మమ్మా, ఏడువకు. వంటోళ్ళ దగ్గర పసుపున్నదేమో అడుగు."

ఉంది. యాటమాంసం కూర కోసం దంచిన పసుపు, గిన్నెడు. తలుపు మూశారు. నీళ్ళ చప్పుడు, ఎవరో కిసుక్కున నవ్వడం, "జర ముంచవే, ఇంకా జర!" అని ఎల్లవ్వ కేక వినిపించాయి. కాసేపటికి తలుపు తెరుచుకుంది. అదే చీర, నిండా పసుపులో మునిగి, చుక్కలు కారుతూ. రూతు చెంపల మీద, పాదాల మీద పసుపు. ఎల్లవ్వ చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. ఆమె వాటిని లోకమంతా చూడాలన్నట్టు ఎత్తి పట్టుకుంది.

అయ్యగారు నా వైపు తిరిగారు. "తెల్లచీరె గావాలంటివి, గది తెల్లచీరెనే. జర తడ్శింది, గంతే. నడువుండ్రి, అన్నం సల్లారుతది."

మామ దరువు మార్చాడు. వంటవాళ్ళు తెచ్చిన బియ్యం తలంబ్రాలయ్యాయి. చర్చి నేల మీద గుమ్మం నుంచి పీఠం దాకా పసుపు చుక్కలు పడ్డాయి. చేయి పట్టుకున్నప్పుడు రూతు తల ఎత్తకుండా, "కోపమొచ్చిందా?" అంది. నేను ఊరికే తల ఊపాను. ఔననో కాదనో ఆమెకు ఎట్లా తెలిసిందో గానీ, నవ్వింది. నా చేయీ, అరువు కోటూ పచ్చబడ్డాయి. ఆ కోటు యజమాని ఆ తర్వాత నాతో చాలాకాలం మాట్లాడలేదు.

కొట్టేసిన మాటను మళ్ళీ ఉంచాలంటే ప్రూఫులో దానికింద చుక్కలు పెడతామని పెళ్ళయ్యాక ఒకసారి రూతుతో అన్నాను. మర్నాడు నా బల్ల మీద ఆ పదకొండింటి జాబితా కనిపించింది. చర్చి తలుపు నుంచి చింపి తెచ్చి దాచుకుందట. ఎనిమిదింటి కింద చుక్కలున్నాయి. ముహూర్తం, దిష్టి, ఎదురు శకునం, ఈ మూడింటి కింద లేవు.

"ఇవెందుకు వదిలేశావు?"

"గవి మీరు కొట్టేసిందే మంచిగున్నది. ఎదురు శకునాలు చూసేటోళ్ళే గద మా అమ్మమ్మను ఎనుకకు మల్లించింది. మీరు రాసినయన్నీ తప్పంటనా?"

ముప్పై ఏళ్ళు అయ్యగారు మోకాళ్ళ మీద అడిగినదాన్ని ఆమె కూరగాయలు తరుగుతూ తేల్చేసింది.

పసుపు ఎండకు నిలవదు. ఏడాది తిరిగేసరికి ఆ చీర మళ్ళీ తెల్లబడేది. ప్రతి పెళ్ళిరోజుకూ రూతు దాన్ని పసుపునీళ్ళలో ముంచి పెరట్లో ఆరేసేది. నేను పేపరు మడవకుండానే "ఎందుకీ చాకిరీ?" అనేవాణ్ణి. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆ చాకిరీ నాది. నాకు పాళ్ళు తెలియవు. ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా వస్తుంది. మొదటి ఏడాది మా కోడలు, "మామయ్యా, గా చేతులేంది?" అని పరేషానయింది. ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం అరచేతులు చాస్తే, ఇప్పటి చిన్న అయ్యగారు వింతగా చూశాడు. ఏమిటని అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా, ఈ పచ్చటి చేతులు పైకెత్తి, మాట ఇస్తున్నాను. ఇకమీదట నా పెళ్ళిలో పెళ్ళికూతురి చీర రంగు గురించి నోరెత్తను. అరుగు మీద ఆమె ఏమడిగినా "సరే" అనడమే తప్ప ప్రసంగించను. చాయ్ చల్లారనివ్వను. లచ్చయ్య మామను అందరికంటే ముందు పిలుస్తాను. ఈ మాట ఈ పూటే నిలబెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఒక్కటే షరతు, పెళ్ళికూతురు మళ్ళీ రూతే కావాలి.