మూడో ఆకు

ఒంటరిగా బతకడం కూడా ఒక ఉద్యోగమేననీ, దానికి సెలవులుండవనీ నాకు తెలిసింది మద్రాసులోనే. పంతొమ్మిదివందల యాభైల్లో, మీనంబాకంలో విమానాల మీటర్లు సరిచూసే పనిలో కొత్తగా చేరాను. ఆ రోజుల్లో పురసవాక్కంలో ఒక మేడ కింది గదిలో ఉండేవాణ్ణి. ఇంటికొస్తే గోడమీది బల్లి తప్ప పలకరించే దిక్కు లేదు (అదీ అరవంలోనే పలికేదని నా అనుమానం). గొట్టాల మామ అని మేం పిలుచుకునే మా మేస్త్రి మొదటిరోజే పాఠం చెప్పాడు. విమానం వేగం చూపే మీటరు పెద్ద పైలట్ ముందొకటి, పక్కాయన ముందొకటి ఉంటాయి. గాలి పట్టే గొట్టం దేనికదే. ఒక గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టిందా, రెండు మీటర్లూ రెండు మాటలు చెప్తాయి. "అప్పుడు రెండూ కలిపి సగం చేసినావంటే చెడినావబ్బాయా! ఒకటన్నా నిజం ఉండేది పోయి అంతా అబద్ధమే అవతాది. మూడో సాక్షిని చూడాల. ఇంజను జోరెంత, ముక్కు ఎంత లేచుండాది, అది చూసి తేల్చుకోవాల" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను.

ఒక శనివారం మేడమీది ఇంటి ఓనరు తాత మెట్లమీంచి కేకేశాడు. "రేపు మాతోనే భోంచెయ్యి నాయనా!" నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో లోపల్నుంచి అవ్వ గొంతు. "ఆయనకేం, పిలుస్తాడు! ఈడ ఏముందని, పప్పూ చారే గదా!" రెండు మీటర్లు, రెండు మాటలు. వెళ్తే అవ్వకి బరువు, మానేస్తే తాతకి కోపం. ఆదివారం ఉదయమంతా తర్జనభర్జన పడి, ఆఖరికి మామ వద్దన్న పనే చేశాను. సగం చేశాను. హోటల్లో కడుపునిండా తిని, భోజనాలవేళ దాటాక ఊరికే పలకరింపుగా పైకి వెళ్లాను.

పైన వసారాలో మూడు అరిటాకులు పరిచి ఉన్నాయి. మూడూ ఖాళీయే. తాత గోడకానుకుని కునుకుతున్నాడు. అవ్వ విసనకర్ర కింద పెట్టి, "వచ్చినావా! పిలిపించుకున్నోడివి నువ్వు రాకుండా మేమెట్ల తినేది?" అంది. ఊరొదిలాక నాకోసం ఒకరు ఆకలితో కూర్చోవడం అదే మొదలు. ఏడుపొచ్చింది. హోటలు సంగతి చచ్చినా చెప్పలేదు. మళ్లీ మొదట్నుంచీ తిన్నాను, పప్పూ చారూ మాత్రమే కాదు, గారెలూ పాయసమూ. ఊపిరాడక ఆకుమీద చెయ్యి అడ్డం పెడితే, తాతా అవ్వా ఒక్కసారే "ఇంకొంచెం" అన్నారు.

వాళ్లు పోయి చాన్నాళ్లయింది. నన్ను భోజనానికి పిలిచేవాళ్లూ తగ్గిపోయారు. ఎప్పుడైనా ఎవరైనా మొహమాటంగా పిలిస్తే మాత్రం, ఆ మాటల్ని తూచడం మానేసి, ఖాళీ కడుపుతో కాస్త ముందే వెళ్లి కూర్చుంటున్నాను.